గోల్ఫ్ విసురులో దేహయంత్రం: తిరగవలసినది నడుమా, తుంటా?

వ్యాయామం మేలు చేస్తుందా, కీడు చేస్తుందా అన్నది దాని పేరును బట్టి నిర్ణయం కాదు. దానిని ఆచరించే పద్ధతిని బట్టి, ఆచరించే వ్యక్తి వయస్సును, బలాన్ని బట్టి నిర్ణయమవుతుంది. పద్ధతి తెలిసి చేసిన కష్టమైన పని కూడా దేహానికి పుష్టినిస్తుంది. పద్ధతి తెలియక చేసిన తేలికపని కూడా మంచం పట్టిస్తుంది. ఈ సత్యాన్ని స్పష్టంగా చూపించే ఆట గోల్ఫ్.

ఈ పత్రికలో గోల్ఫ్ ప్రసక్తి ఎందుకని పాఠకులు అనుకోవచ్చు. కారణాలు రెండున్నవి. ఉద్యోగ విరమణ చేసిన పెద్దలు, విదేశాలలో స్థిరపడిన మన పిల్లలు ఈ ఆటను చేపట్టి, కొద్ది నెలలకే నడుము పట్టుకుని వైద్యుల వద్దకు రావడం నేను చూస్తున్నాను. ఇది మొదటి కారణం. రెండవది ఇంతకంటె ముఖ్యమైనది. గోల్ఫ్ కర్ర విసిరేటప్పుడు మన దేహంలో జరిగే మెలిక, బిందె ఎత్తి పక్కకు పెట్టేటప్పుడు, తడిబట్టల బకెట్టు తిప్పేటప్పుడు, గ్యాసు సిలిండరు జరిపేటప్పుడు జరిగే మెలికే. కనుక ఆట ఆడనివారికి కూడా ఈ విషయం తెలియడం అవసరం.

ఆట పాతదే

ఈ ఆట స్కాట్లండు దేశంలో పెరిగి పెద్దదైనది. 1457వ సంవత్సరంలో అక్కడి పార్లమెంటు, ప్రజలు విలువిద్య అభ్యాసం మాని గోల్ఫ్ మరిగారన్న కారణంతో దీనిని నిషేధించినది. ఈ ఆటను గురించి మనకు దొరికే తొలి లిఖిత ప్రస్తావన ఆ నిషేధమే! మన దేశంలో కలకత్తాలోని రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్బు 1829లో ఏర్పడినది. బ్రిటిష్ దీవులకు వెలుపల ఇదే అత్యంత పురాతనమైనది. మన హైదరాబాదులో గోలకొండ కోటను ఆనుకున్న నయాఖిల్లా ప్రాంతంలో ఒక గోల్ఫ్ మైదానమున్నది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్ క్రీడలలో బెంగుళూరుకు చెందిన అదితి అశోక్ నాలుగవ స్థానం పొందడంతో, ఈ ఆట పేరు మధ్యతరగతి ఇళ్ళలో కూడా వినిపించసాగినది.

పావు సెకనులో జరిగే పని

గోల్ఫ్ బంతి బరువు 45.93 గ్రాములకు మించరాదు. దూరం కొట్టడానికి వాడే పెద్ద కర్ర పొడవు సుమారు 45 అంగుళాలు, బరువు దాదాపు 300 గ్రాములు. చూడబోతే ఇది చీపురుకట్టంత బరువైనా లేని వస్తువు. ఇంత తేలికైన కర్ర నడుమును ఎట్లా దెబ్బతీస్తుంది? బరువు వల్ల కాదు, వేగం వల్ల.

కర్రను వెనుకకు ఎత్తడానికి ముప్పాతిక సెకను పడుతుంది. దానిని కిందికి దించి బంతిని తాకించడానికి పావు సెకనే పడుతుంది. ఆ పావు సెకనులో కర్ర తల నిశ్చల స్థితి నుంచి గంటకు 140, 150 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. వృత్తి ఆటగాళ్ళ విషయంలో ఈ వేగం 180 కిలోమీటర్లు దాటుతుంది. కర్ర తల బంతిని అంటిపెట్టుకుని ఉండేది సెకనులో రెండువేలవ వంతు మాత్రమే. ఆ వేగాన్ని పుట్టించవలసినది, తరువాత ఆ వేగాన్ని అణచి కర్రను ఆపవలసినది కూడా మన కండరాలే. పుట్టించేటప్పటి శ్రమ కొంత, ఆపేటప్పటి శ్రమ మరికొంత కలిసి కీళ్ళమీద పడతాయి.

వడిసెల సూత్రం

జొన్నచేలో మంచె మీద నిలబడి పిట్టలను తోలే రైతు వడిసెల తిప్పడం మన పల్లెలవారికి తెలిసినదే. చేయి తిరిగే వేగం తక్కువ. వడిసెల కొనలోని రాయి వేగం ఎక్కువ. చేయి ఒక మడత, తాడు మరొక మడత. మొదటి మడతలో పుట్టిన వేగం రెండవ మడతలోకి ప్రవహించి ఇనుమడిస్తుంది. గోల్ఫ్ విసురులో ఉన్నదీ ఇదే సూత్రం. 1968లో కాక్రన్, స్టాబ్స్ అనే ఇద్దరు రచయితలు ఈ విసురును శాస్త్రీయంగా పరిశీలించి ఒక గ్రంథం ప్రకటించారు. భుజాల మధ్య ఒక కీలు, మణికట్టు వద్ద ఒక కీలు ఉన్న జంట లోలకంగా వారు దీనిని వర్ణించారు.

అయితే ఆ పై లోలకాన్ని తిప్పే శక్తి ఎక్కడిది? చేతులదని చూపరులు అనుకుంటారు. కాదు. శక్తి పాదాల కింది నేల నుంచి మొదలవుతుంది. పాదం నేలను నొక్కితే నేల తిరిగి పాదాన్ని నెడుతుంది. ఆ నెట్టుడు పిక్కల ద్వారా, తొడల ద్వారా, పిరుదుల ద్వారా కటిప్రదేశానికి చేరుతుంది. మొదట కటి తిరుగుతుంది. తరువాత ఛాతీ, ఆ తరువాత చేతులు, చివరకు కర్ర. ఒక్కొక్క భాగం తనవంతు వేగాన్ని పై భాగానికి అప్పగించి తాను నెమ్మదిస్తుంది. వేళ్ళకు పోసిన నీరు కొమ్మకు చేరినట్లు, కాళ్ళలో పుట్టిన బలం కర్ర కొనకు చేరుతుంది. ఈ వరుస తప్పి చేతులు ముందుగా కదిలితే, వేగమూ రాదు, దేహానికి సుఖమూ ఉండదు. బెన్ హోగన్ అనే అమెరికా ఆటగాడు 1957లో వెలువరించిన తన పాఠాల గ్రంథంలో, కిందికి దించే విసురు కటి నుంచే మొదలు కావాలని నొక్కి చెప్పాడు.

తొంభై డిగ్రీల లెక్క

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. కుడిచేతివాటం ఆటగాడు కర్రను పూర్తిగా వెనుకకు ఎత్తినప్పుడు అతని భుజాలు సుమారు 90 డిగ్రీలు, అనగా పావువంతు చుట్టు, కుడివైపుకు తిరుగుతాయి. ఈ 90 డిగ్రీలు దేహంలో ఎక్కడెక్కడి నుంచి వస్తున్నాయో లెక్క చూద్దాం.

కటి, అంటే తుంటి ఎముకల చట్రం, తొడ ఎముకల తలలమీద సుమారు 45 డిగ్రీలు తిరుగుతుంది. పక్కటెముకలు అతికి ఉన్న వీపు భాగపు వెన్ను, పన్నెండు పూసలు కలిసి, దాదాపు 35 డిగ్రీలు తిరుగుతుంది. నడుము భాగంలోని అయిదు పూసలు అన్నీ కలిపి తిరగగలిగినది పది డిగ్రీలకు అటూ ఇటూ మాత్రమే. మూడూ కలిపితే తొంభై.

ఈ లెక్కను పాఠకులు మనసులో నిలుపుకోవాలి. మనమంతా ‘నడుము తిప్పడం’ అని వాడుకగా అంటాము. నిజానికి తిరగడానికి నడుము ఏమాత్రమూ ఏర్పడినది కాదు. నడుము పూసల వెనుకభాగంలో ఉండే చిన్న కీళ్ళు నిలువుగా, తలుపు చెక్కల మాదిరిగా ఎదురెదురుగా నిలబడి ఉంటాయి. అందువల్ల ముందుకు వంగడానికి, వెనుకకు వాలడానికి అవి ఒప్పుకుంటాయి. పక్కకు మెలితిప్పబోతే ఒకదానికొకటి తగిలి అడ్డుకుంటాయి. వీపు భాగంలో ఈ కీళ్ళ అమరిక వేరు. అక్కడ అవి తిరుగుడుకు చోటు ఇస్తాయి.

ఇక తుంటి కీలు బిగుసుకుపోయి తనవంతు 45 డిగ్రీలకు బదులు 25 డిగ్రీలే ఇచ్చిందనుకుందాం. మిగిలిన 20 డిగ్రీల బాకీ ఎవరు తీర్చాలి? కర్ర మాత్రం వెనుకకు వెళ్ళితీరాలని ఆటగాడి పట్టుదల. అప్పుడు ఆ బాకీని పది డిగ్రీల ఆస్తి మాత్రమే ఉన్న నడుము నెత్తిన రుద్దుతాము. గోల్ఫ్ ఆటగాళ్ళ నడుమునొప్పిలో ఈ కథ తరచుగా కనిపిస్తుంది.

సుశ్రుతుడు చెప్పిన రోలు

మన సుశ్రుతాచార్యుడు శారీరస్థానంలో సంధులను 210గా లెక్కించి, వాటిని ఆకృతిని బట్టి ఎనిమిది విధాలుగా విభజించాడు. మోకాలు, మోచేయి, మణికట్టు, చీలమండ ‘కోర’ సంధులు, అనగా మడతబందు వంటివి. చంకలోని భుజసంధి, గజ్జలోని తొడసంధి ‘ఉలూఖల’ సంధులు. ఉలూఖలమనగా రోలు. మెడ, వెన్నెముకలలోని సంధులు ‘ప్రతర’ సంధులు. ఒకదానిపై ఒకటి పరచి ఉంచినటువంటివి.

ఈ విభజనను ఆధునిక శరీరశాస్త్రంతో పోల్చి చూసినప్పుడల్లా నాకు ఆశ్చర్యం కలుగుతుంది. రోలులో రోకలిని ఎటు కావాలంటే అటు తిప్పవచ్చు. మడతబందును ఒకే దిశలో మడవవచ్చు. పేర్చిన పలకలను కొద్దిగా జరపవచ్చునే తప్ప గిరగిరా తిప్పరాదు. దేహంలో తిరుగుడు పని రోళ్ళది. అనగా రెండు తుంటి కీళ్ళది, రెండు భుజాలది. ఆ పనిని పలకలకు అప్పగించడం ప్రకృతి విరుద్ధం.

దేహచలనాలన్నింటికీ వ్యానవాయువు కారణమని, కీళ్ళలో ఉండే శ్లేషక కఫం ఇరుసుకు రాసిన కందెన వలె వాటిని సులువుగా తిరగనిస్తుందని మన శాస్త్రం చెబుతున్నది. వయస్సు మీరిన కొద్దీ వాతం ప్రబలుతుంది. కీళ్ళలో స్నిగ్ధత తగ్గుతుంది. కుర్చీలో కూర్చుని ముప్పై ఏళ్ళు ఉద్యోగం చేసినవారికి తుంటి కీళ్ళు బిగుసుకొనడం సాధారణం. అటువంటివారు అరవయ్యవ ఏట, ఏ సన్నాహమూ లేకుండా, పావు సెకనులో దేహాన్ని మెలితిప్పే ఆటకు దిగుతున్నారు. ఇబ్బంది ఇక్కడే వస్తున్నది.

విసురులోని అంచెలు

కుడిచేతివాటం వారిని దృష్టిలో ఉంచుకొని చెబుతున్నాను. ఎడమచేతివాటం వారు కుడి ఎడమలను మార్చుకొని చదువుకోవాలి.

మొదటిది నిలుపు. పాదాలు భుజాల వెడల్పున ఉంచి, మోకాళ్ళు కొద్దిగా సడలించి, తుంటి దగ్గర ముందుకు వంగాలి. నడుమును గూనిగా వంచరాదు. బావిలోకి తొంగిచూసేవాని వలె కాక, పెద్దలకు వినయంగా నమస్కరించేవాని వలె వెన్ను నిటారుగా ఉండి తుంటి మడవాలి.

రెండవది వెనుకకు ఎత్తుట. బరువు కుడిపాదం లోపలి అంచు మీదికి చేరుతుంది. కటి కుడివైపుకు తిరుగుతున్నప్పుడు, కుడి తొడ ఎముక తల తన రోలులో లోపలివైపుకు తిరుగుతుంది. ఎడమ మడమ కొంచెం లేచినా తప్పులేదు; వయస్సు మళ్ళినవారికి అది మేలు కూడా. కటిని కదలనీయక బిగబట్టి భుజాలను మాత్రమే తిప్పితే బంతి దూరం పోతుందని కొందరు శిక్షకులు బోధిస్తారు. పాతికేళ్ళ వృత్తి ఆటగాడికి అది చెల్లవచ్చు. ఆరుపదుల గృహస్థుకు అది నడుమును పణంగా పెట్టే జూదం.

మూడవది మలుపు. కర్ర ఇంకా వెనుకకు పోతుండగానే కటి ఎడమవైపుకు తిరగడం మొదలుపెడుతుంది. ఇందువల్ల పొట్ట పక్కల ఉండే వాలు కండరాలు ఒక్క క్షణం సాగి, వెంటనే ముడుచుకుంటాయి. సాగిన వెంటనే ముడుచుకున్న కండరానికి బలం ఎక్కువ. ఈ వాలు కండరాలు దేహానికి ఏటవాలుగా వేసిన ఉత్తరీయం వంటివి. కుడివైపు పై పొర, ఎడమవైపు లోపలి పొర కలిసి ఒకే పట్టీ వలె ఛాతీని ఎడమవైపుకు లాగుతాయి.

నాలుగవది దింపుట. కుడి పిరుదు కండరం నేలను వెనుకకు తన్నినట్లుగా పనిచేస్తుంది. బరువు ఎడమకాలి మీదికి వస్తుంది. ఇప్పుడు ఎడమ తుంటి రోలు లోపలివైపుకు తిరగాలి. ఈ రోలు బిగిసి ఉంటే నడుము, ఎడమ మోకాలు ఆ భారం మోయవలసి వస్తుంది. మోకాలు మడతబందే కాని తిరిగేది కాదని ఇదివరకే చెప్పుకున్నాము. అందుచేత ఎడమపాదం వేళ్ళను నిలుపులోనే కొద్దిగా బయటికి తిప్పి ఉంచుకొంటే మోకాలికి ఊరట.

అయిదవది ముగింపు. పొట్ట లక్ష్యంవైపు తిరిగి, వెన్ను నిటారుగా ఉండి, బరువు ఎడమ మడమ మీద నిలవాలి. 1970ల కాలంలో వెన్నును విల్లువలె వెనుకకు వంచి ముగించే పద్ధతి మెచ్చుకోలు పొందినది. చూపులకు అందంగా ఉండే ఆ భంగిమ నడుము పూసల వెనుక కీళ్ళను ఒరిపిడికి గురిచేస్తుంది. నేడు అనుభవజ్ఞులు దానిని ప్రోత్సహించడం లేదు.

నడుము ఎందుకు నొచ్చుకుంటుంది?

రెండేసి పూసల మధ్య ఉండే బిళ్ళను డిస్కు అంటాము. దాని చుట్టూ ఉన్న వలయం పొరలు పొరలుగా ఉంటుంది. ఒక పొరలోని పోగులు కుడివైపుకు వాలితే, తరువాతి పొరలోనివి ఎడమవైపుకు వాలుతాయి. నులకమంచం అల్లికను గుర్తుచేసుకోండి. మెలితిప్పినప్పుడు ఒక వైపు వాలిన పోగులు మాత్రమే బిగుస్తాయి; రెండవవైపువి వదులవుతాయి. అనగా మెలికను సగం బలంతోనే డిస్కు ఎదుర్కొంటున్నదన్నమాట. అదే సమయంలో ముందుకో, పక్కకో వంగి ఉంటే, ఆ సగం బలం మీద ఇంకా భారం పడుతుంది. గోల్ఫ్ విసురులో వంగుట, పక్కకు వాలుట, మెలితిరుగుట మూడూ ఏకకాలంలో జరుగుతాయి. 1990లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, విసురు సమయాన నడుము కింది పూసలపై పడే ఒత్తిడి దేహపు బరువుకు సుమారు ఎనిమిది రెట్లని లెక్కతేలినది. డెబ్బై కిలోల మనిషికి అది అయిదున్నర క్వింటాళ్ళు!

అయితే భయపడనక్కరలేదు. ఆ ఒత్తిడి క్షణకాలమే. ఆరోగ్యవంతమైన నడుము దానిని తట్టుకుంటుంది. విశ్రాంతి లేకుండా మళ్ళీ మళ్ళీ పడినప్పుడే ముప్పు. ఒక పూట ఆటలో ఆడే దెబ్బలకంటె, అభ్యాసం పేరిట బుట్టల కొద్దీ బంతులను ఆపకుండా కొట్టడం వల్ల కలిగే హాని ఎక్కువ.

ప్రపంచ ప్రసిద్ధుడైన టైగర్ వుడ్స్ 2014లో ఒకసారి, 2015లో రెండుసార్లు, 2017లో మరొకసారి నడుముకు శస్త్రచికిత్స చేయించుకున్నాడు. చివరిదానిలో నడుము అట్టడుగు పూసను కింది ఎముకతో కలిపి అతికించారు. ఆ తరువాత 2019లో, తన 43వ ఏట, అతడు మాస్టర్స్ పోటీ గెలిచాడు. అతని బాధకు విసురు ఒక్కటే కారణమని నేను అనను. కాని అంతటి శిక్షణ, అంతటి దేహబలం ఉన్నవాని నడుముకే పరిమితి ఉన్నదని మనం గ్రహించాలి.

భుజం, మోచేయి, మణికట్టు

అమెరికా శస్త్రవైద్యుడు ఫ్రాంక్ జోబ్, తన సహచరులతో కలిసి 1980లలో ఆటగాళ్ళ భుజ కండరాలలోని విద్యుత్ స్పందనలను కొలిచాడు. భుజఫలకం లోపలి ముఖాన, పక్కటెముకలవైపు దాగి ఉండే కండరం విసురులో ఎక్కువగా పనిచేస్తుందని వారు గమనించారు. పైకి కనిపించే జబ్బ కండ అంతగా పనిచేయదు. కనుక జబ్బలు పెంచినంత మాత్రాన విసురు బాగుపడదు.

మోచేయి లోపలి గుబ్బ దగ్గర వచ్చే నొప్పికి ఈ ఆట పేరే పెట్టారు. ముంజేతి కండరాలు ఎముకకు అతికే చోట పోగులు నలగడం దీనికి కారణం. కర్రను గట్టిగా బిగించి పట్టడం, బంతికి బదులు నేలను కొట్టడం దీనిని తెచ్చిపెడతాయి. మణికట్టు, మోచేయి రెండూ మర్మస్థానాలే. సుశ్రుతుడు మణిబంధాన్ని దెబ్బతింటే బాధ కలిగించే మర్మాలలోను, కూర్పరాన్ని వైకల్యం కలిగించే మర్మాలలోను చేర్చాడు. ఎడమ అరచేతి మూలలో కొక్కెం వంటి చిన్న ఎముక ఒకటి ఉన్నది. కర్ర పిడి చివర దానికి తగిలి అది విరిగిన సందర్భాలున్నాయి. అరచేతి మడమభాగంలో నొప్పి వారాల తరబడి తగ్గకుంటే ఎక్స్‌రే వంటి పరీక్ష తప్పదు. పట్టు ఎంత ఉండాలంటే, చంటిబిడ్డ చేయి పట్టుకొని వీధి దాటించేటంత. జారిపోకూడదు, నొప్పి కలగకూడదు.

ఆట ఆడని ఆటగాళ్ళు

ఒక విశ్రాంత ఇంజనీరుగారు కుడివైపు నడుమునొప్పితో నా వద్దకు వచ్చారు. వారానికి మూడుమార్లు గోల్ఫ్ ఆడుతున్నారు. పరీక్షిస్తే వారి ఎడమ తుంటి లోపలికి దాదాపుగా తిరగడం లేదు. నేలమీద బాసిపట్టు వేసుకొని భోజనం చేసి ఎన్నేళ్ళయినదని అడిగితే, పదేళ్ళు దాటినదన్నారు. ఆట మానమందునా అని వారి భయం. ఆరు వారాలు ఆట ఆపి, తుంటి అభ్యాసాలు చేసి, ఆపై నెమ్మదిగా మొదలుపెట్టమన్నాను.

వెంట వచ్చిన వారి శ్రీమతి అంతవరకు మౌనంగా ఉన్నారు. లేచి వెళ్ళబోతూ, “డాక్టరుగారూ, నాకూ సరిగ్గా ఆ చోటే నొప్పండీ. కాని నేను ఏ ఆటా ఆడను” అన్నారు. రోజుకు ఎన్నిసార్లు తడిబట్టల బకెట్టు నుంచి వంగి బట్టలు తీసి, పక్కకు తిరిగి దండెం మీద వేస్తున్నారని అడిగాను. ఆమె లెక్కపెట్టి, ముప్పై నలభైసార్లన్నారు. పాదాలు కదపకుండా, వంగి, మెలితిరిగి, బరువుతో లేవడం! వారిద్దరి నడుముకూ జరిగినది ఒక్కటే. ఆయన నొప్పికి ఆట అనే పేరున్నది కనుక వైద్యుని వద్దకు వచ్చినది. ఆమె నొప్పికి పేరు లేదు కనుక నాలుగేళ్ళుగా ఇంట్లోనే ఉండిపోయినది.

ఆమెకు నేను చెప్పినది రెండే మాటలు. బకెట్టును నేలమీద కాక స్టూలు మీద పెట్టుకోండి. తిరగవలసి వచ్చినప్పుడు నడుముకు బదులు పాదాలను తిప్పండి. భర్తకు చెప్పిన అభ్యాసాలే ఆమెకూ చెప్పాను. ఇద్దరూ కలిసి చేశారు. రెండు నెలలకు ఆయన మళ్ళీ మైదానానికి వెళ్ళగలిగారు. ఆమె నొప్పి ఆయన కంటె ముందే తగ్గినది.

ఇంట్లోనే మూడు పరీక్షలు

ఒకటి: స్టూలు మీద కూర్చుని, మోకాళ్ళ మధ్య దిండు నొక్కిపట్టి, చేతులు ఛాతీమీద కట్టుకొని, ఛాతీని కుడికి, ఎడమకు తిప్పండి. మోకాళ్ళు కదలకుండా ప్రతివైపు 45 డిగ్రీలు, అనగా ఎదురుగా ఉన్న గోడకు, పక్క గోడకు నడుమ నున్న గది మూలవైపుకు ఛాతీ తిరగాలి.

రెండు: అలాగే కూర్చుని, మోకాలు కదపకుండా పాదాన్ని బయటివైపుకు లేపండి. ఇప్పుడు తొడ తన రోలులో లోపలికి తిరుగుతున్నది. రెండు కాళ్ళూ సమానంగా లేవాలి. ఒకటి బాగా తక్కువగా లేస్తే ఆ తుంటి బిగిసి ఉన్నదని అర్థం.

మూడు: గోడ దగ్గరగా నిలబడి, పట్టుకోకుండా ఒంటికాలిమీద పది సెకన్లు నిలవండి. నిలవలేకపోతే ముందు నడక, నిలకడ అభ్యసించాలి, విసురు తరువాత.

నిత్యాభ్యాసం

ఉదయం స్నానానికి ముందు గోరువెచ్చని నువ్వుల నూనెతో నడుము, తుంటి, భుజాలకు మృదువుగా అభ్యంగం చేసుకొని, పావుగంట తరువాత ఈ కింది అభ్యాసాలు చేయాలి.

మార్జాలాసనం పదిసార్లు. పక్కకు పడుకొని మోకాళ్ళు మడిచి, పై చేతిని పుస్తకం తెరచినట్లు వెనుకకు తెరవడం, ప్రతివైపు ఎనిమిదిసార్లు. ఇది వీపు తిరుగుడుకు. నేలమీద కూర్చుని చేతులు వెనుక ఆన్చి, పాదాలు ఎడంగా ఉంచి, రెండు మోకాళ్ళను కలిపి ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు వాల్చడం పదిసార్లు. ఇది తుంటి రోళ్ళకు. సేతుబంధాసనం ఎనిమిదిసార్లు, ఇది పిరుదులకు. చివరగా చీపురుకర్రను వెన్ను వెంబడి నిలువుగా పట్టుకొని, తల, వీపు, త్రికం మూడూ దానిని తాకుతుండగా తుంటి దగ్గర మాత్రమే వంగడం పదిసార్లు. నేలకు వంగే ప్రతి పనికీ ఇది పునాది.

ఆడేవారు మైదానంలో మొదటి బంతి కొట్టకముందు పది నిమిషాలు నడిచి, ఖాళీ విసురులు మెల్లగా పది వేయాలి. తరువాత ఎదురువైపుకు కూడా పది వేయాలి. ఎప్పుడూ ఒకే దిశలో తిరిగే దేహానికి ఇది సమత్వాన్నిస్తుంది.

ఎంతవరకు శ్రమించాలి? వాగ్భటాచార్యుడు చెప్పిన అర్ధశక్తి నియమమే దీనికి కొలత. నొసట, ముక్కుమీద, చంకలలో చెమట పట్టి, నోరు ఎండుతున్నట్లు తోచితే సగం బలం ఖర్చయినదని గ్రహించి ఆపాలి. వేసవిలో, వర్షాకాలంలో ఇంకా తగ్గించాలి. శక్తికి మించి వ్యాయామం చేసేవాడు ఏనుగును లాగబోయిన సింహం వలె నశిస్తాడని మన పూర్వులు హెచ్చరించారు.

నొప్పి వచ్చినప్పుడు

హఠాత్తుగా పట్టిన నొప్పికి మొదటి రెండురోజులు చల్లని తడిగుడ్డ పట్టీ మేలు. గట్టిగా మర్దన చేయరాదు. పూర్తిగా మంచం పట్టడం కూడా తగదు. నొప్పి సహించగలిగినంత మేర ఇంట్లో నడుస్తుండాలి. మూడవనాటి నుంచి కాపడం పెట్టవచ్చు. కల్లుప్పును గాని ఇసుకను గాని వేయించి గుడ్డలో మూటకట్టి, ముందు మీ చేతి వెనుకభాగాన ఆన్చి చూసి, ఆపై నొప్పి చోట అద్దాలి. వావిలాకు వేసి మరిగించిన నీరు గోరువెచ్చగా నడుముమీద పోసుకొనడం, ఆముదపు ఆకుకు నూనె రాసి వెచ్చచేసి కట్టడం మన ఇళ్ళలో తరతరాలుగా ఉన్న ఉపశమనాలు. మధుమేహం వల్ల స్పర్శజ్ఞానం తగ్గినవారు కాపడం జోలికి పోరాదు. కాలినా వారికి తెలియదు.

కాలిలోకి పాకే నొప్పి, తిమ్మిరి, పాదం ఎత్తలేకపోవుట, జ్వరంతో కూడిన నడుమునొప్పి ఉన్నచో గృహచికిత్సలతో కాలయాపన చేయరాదు. మలమూత్రాలమీద అదుపు తప్పినా, మర్మాంగాల చుట్టూ తిమ్మిరెక్కినా ఆ పూటే ఆసుపత్రికి చేర్చాలి; గంటలు ఆలస్యమైనా నరాలు శాశ్వతంగా దెబ్బతినవచ్చు. ఎముకలు గుల్లబారినవారు, ఇటీవల శస్త్రచికిత్స జరిగినవారు తమ వైద్యుని సలహా లేకుండా ఈ అభ్యాసాలు గాని, ఆట గాని మొదలుపెట్టరాదు.

గోల్ఫ్ చెడ్డ ఆట కాదు. పచ్చికమీద ఎనిమిది, పది కిలోమీటర్ల నడక, స్వచ్ఛమైన గాలి, మనస్సుకు ఏకాగ్రత ఏ వయస్సువారికైనా మంచివే. ఆ మేలు దక్కాలంటే కర్ర పట్టే ముందు తుంటిని సిద్ధం చేసుకోవాలి. ఆట ఆడనివారు సైతం ఈ పూట నుంచే ఒక నియమం పెట్టుకోవచ్చు: బరువు చేతిలో ఉండగా ఎటు తిరగవలసి వచ్చినా, ముందు పాదాలు తిరగాలి, వాటితో తుంటి తిరగాలి, నడుము వాటి వెంట నిటారుగా రావాలి. ఇంటిల్లిపాదీ, పిల్లలతో సహా, దీనిని అలవాటు చేసుకొంటే నడుమునొప్పులు చాలావరకు ఆ ఇంటి గడప తొక్కవు.